తెర ముందు వెలుతురు: కోరుట్ల ఇళ్లలో కంప్యూటర్ పనికి దీపాల ఎంపిక

కంప్యూటర్ తెర తనంతట తానే వెలుగుతుంది. పుస్తకం చదవాలంటే దీపం కాగితం మీద పడాలి; తెర చదవడానికి దీపంతో పనే లేదు. ఇంట్లో కంప్యూటర్ పనికి లైటు ఎంచుకోవడంలో వచ్చే చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. కాగితానికి మేలు చేసే దీపం తెర మీద పడితే అక్షరాలు వెలవెలబోతాయి. అలాగని లైట్లన్నీ తీసేసి కూర్చుంటే, చీకటి గదిలో తెర ఒక్కటే భగ్గుమని వెలుగుతూ కళ్లను అలసటకు గురిచేస్తుంది. కాబట్టి గదిలో లైటు చేయాల్సిన పని తెరను చూపించడం కాదు. పక్కన పెట్టుకున్న కాగితాన్ని, కీబోర్డును చూపించాలి. తెర వెనక గోడను తెరతో మరీ తేడా లేనంత వెలుగులో ఉంచాలి. తాను మాత్రం తెరలో ప్రతిబింబించకుండా, కంట్లో పడకుండా ఉండాలి. లైట్ల దుకాణంలో ఎవరైనా మొదట అడిగేది ‘ఎన్ని వాట్లది?’ అని. కంటికి కావలసినవి వేరే: వెలుగు ఎటు నుంచి వస్తోంది, దాని చుట్టుపక్కలకూ తెరకూ ఎంత తేడా ఉంది, అది నిలకడగా ఉందా లేదా.

ఇంటి పనికీ వెలుతురుకూ ఉన్న ముడి జగిత్యాల జిల్లా కోరుట్లకు కొత్తది కాదు. నిజామాబాద్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి వెంట బీడీల పని చేయని ఊరు అరుదు. ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టే పని గంటల తరబడి చేస్తారు. వాళ్లు కూర్చునే చోటును గమనిస్తే వెలుతురు పాఠం సగం అక్కడే దొరుకుతుంది. పొద్దున అరుగు మీద, ఎండ ముదిరితే దర్వాజ లోపలికి, పొద్దు వాలితే వాకిట్లో నీడకు చాట జరుగుతూ ఉంటుంది. వెలుతురు పక్క నుంచి పడాలి, ఎండ కళ్లలో కొట్టకూడదు, తన నీడ తన వేళ్ల మీద పడకూడదు. కొలిచే పరికరమేదీ లేకుండానే కన్ను చెప్పినట్టు మనిషి జరుగుతుంది. కంప్యూటర్ బల్ల అలా జరగదు. ప్లగ్గు ఎక్కడుంటే అది అక్కడే ఉంటుంది; పొద్దున బాగున్న చోటు మధ్యాహ్నానికి మిరుమిట్లు గొలిపినా అదే కుర్చీ, అదే గోడ. మనిషి వెలుతురు దగ్గరికి పోలేనప్పుడు వెలుతురునే మనిషికి తగ్గట్టు దిద్దుకోవాలి.

2020 మార్చి లాక్‌డౌన్‌తో హైదరాబాద్, బెంగళూరు కొలువులు ల్యాప్‌టాప్‌తో సహా ఇంటికి వచ్చాయి. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ పిల్లల పాఠాలు కూడా కొంతకాలం ఇళ్లలోంచే నడిచాయి. ఆ తర్వాత కొందరు తిరిగి నగరానికి పోయారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. లెక్కలు రాసేవారు, డిజైన్లు గీసేవారు, పోటీ పరీక్షలకు తెర మీదే చదివేవారు వాళ్లకు తోడయ్యారు. ఇళ్లు మాత్రం ఈ పని కోసం కట్టినవి కావు. మామూలు పడకగదిలో పొడవాటి గోడకు ఒక ట్యూబ్‌లైట్ పట్టీ, నడుమ ఫ్యాను, మూలన జీరో బల్బు ఉంటాయి. బల్ల వేసేది మంచానికీ బీరువాకూ మధ్య మిగిలిన జాగాలో.

ఈ ప్రాంతంలో గ్యాస్‌నూనె ఎక్క, కందిలి పోయి కరెంటు బల్బు రావడం వెనక చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. దేశంలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలను ప్రయోగంగా ప్రారంభించినప్పుడు ఎంచుకున్న కొద్ది చోట్లలో పొరుగున ఉన్న సిరిసిల్ల ఒకటి. 1970 నుంచి ఉన్న ఆ సంఘాన్ని జనం ‘సెస్’ అంటారు. బల్బు తర్వాత చోకూ స్టార్టరూ ఉన్న 40 వాట్ల నాలుగడుగుల ట్యూబు, దాని తర్వాత సీఎఫ్ఎల్ వచ్చాయి. చివరి మార్పు అన్నింటికన్నా వేగంగా జరిగింది. తెల్లని ఎల్ఈడీకి మూలమైన నీలి ఎల్ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఎల్ఈడీ బల్బులు పంచే ఉజాలా పథకం ప్రారంభించింది. 2014 తొలినాళ్లలో ప్రభుత్వ కొనుగోలులో 310 రూపాయలున్న బల్బు ధర మూడు నాలుగేళ్లలోనే 40 రూపాయల లోపుకు దిగింది. ఆ పథకం కింద పంచిన బల్బులు 36 కోట్లకు పైమాటే. కరెంటు బిల్లు విషయంలో ఇది నిజమైన మేలు. కంటి విషయంలో మాత్రం రెండు కొత్త సంగతులు వచ్చిపడ్డాయి: ఒకప్పుడు నాలుగడుగుల గొట్టం పొడవునా పరుచుకున్న వెలుగు ఇప్పుడు గోరంత చోటు నుంచి దూసుకొస్తుంది; బల్బు లోపలి సర్క్యూట్ ఎంత చౌకదైతే వెలుగు నిలకడ అంత తగ్గుతుంది.

అన్నింటికన్నా ముందు పగటి వెలుతురు సంగతి చూడాలి. అది కొట్టుకోదు, ఖర్చు లేదు, రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. ఎండలో ఆరుబయట లక్ష లక్స్ (ఒక చోట పడే వెలుతురుకు కొలత) దాకా ఉండే వెలుతురు గదిలో కిటికీకి ఆరేడు అడుగుల దూరం పోయేసరికి వందల్లోకి పడిపోతుంది. ఆ వందలే పనికి చాలు. గూనపెంకల ఇళ్లలో అర్రలు చీకటిగా ఉన్నా, భవంతి ఇళ్లలో నడుమ వాకిలి నుంచి మెత్తటి వెలుతురు చుట్టూ అందేది; పెంకల మధ్య ఒక అద్దం పెంక పెడితే వంటింట్లో దీపం అవసరం తప్పేది. ఇప్పటి స్లాబు ఇళ్లు పక్కింటి గోడకు గోడ ఆనించి లేస్తున్నాయి. కిటికీలు ముందూ వెనకా మాత్రమే. నడిమి గదికి పగలు కూడా లైటే దిక్కు.

ఏ కిటికీ ఏ కాలంలో ఎలా ఉంటుందో కోరుట్ల అక్షాంశం చెబుతుంది. ఊరు సుమారు 18.8 డిగ్రీల ఉత్తరాన ఉంది. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అందుకే చలికాలంలో దక్షిణపు కిటికీలోంచి ఎండ గదిలోకి చొచ్చుకొచ్చి బల్ల మీద పడుతుంది. మే నడిమి నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి ఒరుగుతాడు. ఉత్తరపు కిటికీలోంచి ఎప్పుడూ చల్లని వెలుతురే వస్తుందన్న మాట ఆ రెండున్నర నెలలు పూర్తిగా నిజం కాదు. నిటారుగా పడే ఆ మధ్యాహ్నపు ఎండను సజ్జ ఆపుతుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలుగా వచ్చేదాన్ని ఆపలేదు. అయినా ఏడాది మొత్తం మీద కంప్యూటర్ పనికి ఉత్తరపు కిటికీని మించింది లేదు. అన్నింటిలోకి ఇబ్బంది పెట్టేది పడమటి కిటికీ. మధ్యాహ్నం మూడు దాటాక దాని వెలుగు నేరుగా కంటి ఎత్తులోకి దిగుతుంది. సజ్జ అక్కరకు రాదు, లోపల తెల్లని పరదా ఉండాల్సిందే. మందపు రంగు పరదా వేస్తే ఎండతో పాటు వెలుతురూ పోతుంది. పలుచని తెల్ల గుడ్డ అయితే ఎండను చెదరగొట్టి కిటికీనే పెద్ద మెత్తటి దీపంగా మారుస్తుంది.

ఎండాకాలం లెక్క వేరు. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే జగిత్యాల జిల్లాలో ఏప్రిల్ రాగానే కూలర్ కిటికీకి ఎక్కుతుంది. గదికి ఉన్న ఒక్క కిటికీని అది మూసేస్తుంది, మిగతా సందులను అట్టముక్కలో థర్మకోలో పూడుస్తుంది. అక్కడితో ఆ గదికి పగలు లేనట్టే. కూలర్ గాలి నేరుగా ముఖానికి తగిలితే కళ్లు ఎండిపోవడం అదనం. కూలర్ ఉన్న గదిలో పని తప్పనప్పుడు పగలు కూడా రాత్రి లెక్కనే లైట్లు అమర్చుకోవాలి. గాలి తగిలే దిశను ఛాతీ ఎత్తుకు దించుకోవాలి.

బల్ల వేయడానికి అన్నింటికన్నా మేలైన తీరు కిటికీ ఎడమవైపో కుడివైపో ఉండేలా కూర్చోవడం. కిటికీకి ఎదురుగా కూర్చుంటే తెర వెనక ఆకాశం వెలుగుతూ ఉంటుంది, కంటిపాప దానికి తగ్గట్టు ముడుచుకుంటుంది, తెర మసకగా కనిపిస్తుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఆ కిటికీ తెరలో ప్రత్యక్షమవుతుంది. తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి కూర్చోవాలని వాస్తు చూసుకునే ఇళ్లలో ఈ రెండింటినీ కలుపుకోవచ్చు. ఎదురుగా తూర్పు గోడ ఉండి, కిటికీ ఉత్తరాన ఉంటే వాస్తూ కుదురుతుంది, కన్నూ సుఖపడుతుంది. తూర్పున కిటికీయే ఉంటే పొద్దున పది దాకా పరదా దించుకోవాలి.

ఇంతకూ తెర ముందు కంటికి వచ్చే బాధ ఏమిటి? ‘కండ్లు గుంజుతున్నయి’ అనే ఒక్క మాట కింద ఆరు వేర్వేరు బాధలు చేరతాయి. మొదటిది పొడిబారడం. జపాన్ కంటి వైద్యుడు కజువో సుబోతా, ఆయన సహచరుడు 1993లో ప్రచురించిన కొలతల ప్రకారం ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు ఆడే రెప్ప, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటర్ తెర ముందు 7 సార్లు మాత్రమే ఆడింది. దీనికి లైటు మందు కాదు. రెప్ప వేయడం గుర్తుంచుకోవడం, తెరను కంటి ఎత్తుకు కాస్త కిందికి పెట్టుకోవడం మందు. చూపు కిందికి ఉన్నప్పుడు కన్ను తక్కువ తెరుచుకుంటుంది, తడి తక్కువ ఆరుతుంది. రెండోది, దగ్గరి చూపు మీదే గంటల తరబడి నిలిపి ఉంచడం వల్ల లోపలి కండరానికి వచ్చే అలుపు. అమెరికా దృష్టి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ ప్రచారంలోకి తెచ్చిన 20-20-20 పద్ధతి దీనికోసమే: 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. మూడోది, సరైన అద్దాలు లేకపోవడం. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన కంటి వెలుగు శిబిరాల్లో పెద్ద ఎత్తున పంచింది దగ్గరి చూపు అద్దాలనే. నలభై దాటిన మనిషి లైటు సరిపోవడం లేదని బల్బులు మారుస్తూ ఉంటే, చాలాసార్లు మార్చాల్సింది బల్బు కాదు. పొడిబారడం, అలుపు, అద్దాలు — ఈ మూడింటినీ పక్కన పెట్టాక మిగిలేవే వెలుతురు వల్ల వచ్చే బాధలు: మిరుమిట్లు, వెలుగుల తేడా, కొట్టుకోవడం.

వెలుతురు ఎంత ఉండాలి అన్నదానికి యూరప్ ప్రమాణం ఈఎన్ 12464-1 ఆఫీసుల్లో రాత, చదువు, కంప్యూటర్ పని జరిగే బల్ల మీద 500 లక్స్ అడుగుతుంది. ఇంటి గదికి ఈ లెక్క కట్టి చూస్తే విషయం తేటపడుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గది అంటే సుమారు 9.3 చదరపు మీటర్లు. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు ఇచ్చే మొత్తం వెలుగు దాదాపు 2,000 ల్యూమెన్లు. అందులో సగం గోడలకు, పైకప్పుకు పోయి మిగతా సగం బల్ల ఎత్తుకు చేరిందనుకుంటే వెయ్యిని 9.3తో భాగించాలి. సుమారు 100 లక్స్ వస్తుంది. అంటే ఒక్క ట్యూబు గదిలో తిరగడానికి సరిపోతుంది కాని కాగితం మీది చిన్న అక్షరాలకు చాలదు. గదంతా 500 లక్స్ చేయాలంటే అలాంటివి ఐదు కావాలి. గది చేపల మార్కెట్‌లా వెలుగుతుంది, తెర మీద ఐదు గీతలు మెరుస్తాయి. మంచి దారి గదికి ఒక మెత్తటి వెలుగు, కాగితానికి విడిగా ఒక టేబుల్ ల్యాంపు. అడుగున్నర ఎత్తులో మూత ఉన్న 7 వాట్ల ల్యాంపు కాగితం పట్టేంత చోట 500 లక్స్ తేలిగ్గా ఇస్తుంది. కాగితంతో పనే లేనివారికి ల్యాంపు కూడా తప్పనిసరి కాదు. వాళ్లకు వెనక గోడ వెలుగు ముఖ్యం.

ఆ గోడ సంగతిని కూడా లెక్కతోనే చూడవచ్చు. తెల్లని సున్నం వేసిన గోడ తన మీద పడ్డ వెలుగులో సుమారు 80 శాతాన్ని వెనక్కి చెదరగొడుతుంది. 100 లక్స్ పడితే ఆ గోడ కంటికి 25 నిట్ల (కంటికి కనిపించే వెలుగుకు కొలత) వెలుగుతో కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ తెరను పూర్తిగా పెంచితే 250, 300 నిట్లు ఉంటుంది. గోడకన్నా పదింతలు, పన్నెండింతలు. చూపు నిలిచే చోటుకూ దానిని ఆనుకుని ఉన్న చోటుకూ మధ్య తేడా మూడింతలు దాటకూడదని, దూరపు మూలలతో పదింతలు దాటకూడదని లైటింగ్ ఇంజనీర్లు పాటించే పాత నియమం. కాబట్టి రాత్రి తెరను 100 నిట్ల ప్రాంతానికి దించి, వెనక గోడ మీద ఒక చిన్న దీపం పడేలా చేస్తే తేడా నియమంలోకి వస్తుంది. కొలవడానికి పరికరం అక్కర్లేదు. తెర మీద తెల్లని పేజీ తెరిచి, పక్కన తెల్ల కాగితం పట్టుకోవాలి. తెర దీపంలా కనిపిస్తే దాని వెలుగు తగ్గించాలి. బూడిద రంగులో కనిపిస్తే పెంచాలి. రెండూ పక్కపక్కన రెండు కాగితాల్లా ఉంటే సరిపోయినట్టు. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి ఇలా చూసుకుంటే ఖర్చు లేకుండా సగం బాధ తీరుతుంది. గదంతా చీకటి చేసి జీరో బల్బు వెలుగులో తెర చూసే అలవాటు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముదురు రంగు ‘యాక్సెంట్’ గోడకు ఎదురుగా బల్ల వేయడమూ అలాంటిదే. ఆ గోడను దీపం కూడా వెలిగించలేదు.

మిరుమిట్లు రెండు రకాలు. లైటు నేరుగా కంట్లో పడటం ఒకటి. కూర్చున్న చోట అరచేతిని కనుబొమల మీద గొడుగులా పెట్టుకున్నప్పుడు కళ్లకు హాయిగా అనిపించిందంటే పైనున్న ఏదో లైటు ఇబ్బంది పెడుతున్నట్టే. రెండోది తెరలో కనిపించే ప్రతిబింబం. తెరను ఆపేసి మామూలుగా కూర్చుని ఆ నల్లని అద్దంలోకి చూస్తే ట్యూబు, కిటికీ, తెల్ల చొక్కా, తెరిచిన తలుపు అన్నీ కనిపిస్తాయి. అక్కడ కనిపించే ప్రతి వెలుగూ పని చేసేటప్పుడు అక్షరాల మీద పరుచుకునేదే. ట్యూబు వీపు వెనక గోడకు ఉంటే ఈ పరీక్షలో తప్పకుండా దొరుకుతుంది. పట్టీని పక్క గోడకు మార్చడం ఎలక్ట్రీషియన్‌కు గంట పని. గల్ఫ్ సంపాదనతో కట్టిన కొత్త ఇళ్లలో పీఓపీ సీలింగు, దాంట్లో గుండ్రటి లైట్ల వరస మామూలైంది. అవి హాలుకు అందం. బల్లకు సరిగ్గా పైన ఒకటి ఉంటే మాత్రం తెరమీదా నున్నటి టైల్స్ మీదా మెరుపే. అదే సీలింగు అంచు లోపల దాచి, పైకప్పు మీద పడేలా పెట్టిన ఎల్ఈడీ పట్టీ కంప్యూటర్ గదికి దొరికే లైట్లలో ఉత్తమమైనది. లైటు కనిపించదు, వెలుగు మాత్రమే కనిపిస్తుంది. దాన్ని పెట్టించుకోలేని ఇంట్లో ల్యాంపును గోడకు తిప్పి పెట్టినా అదే ఫలితం చిన్న ఎత్తున వస్తుంది.

కొట్టుకోవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కంటికి కనిపించకుండా బాధించేది ఇదే. మన కరెంటు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. చోకు ట్యూబు వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కన్ను దాన్ని నిలకడగానే చూస్తుంది, నరాలు మాత్రం పూర్తిగా వదిలేయవు. బ్రిటన్ పరిశోధకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన పరిశీలనలో లండన్ ఆఫీసు ఉద్యోగులకు వాళ్లకు తెలియకుండా చోకు మార్చి చూశారు. కొట్టుకోని హై ఫ్రీక్వెన్సీ చోకు కింద తలనొప్పి, కంటి అలసట సగానికి తగ్గాయి. మరమగ్గాల సిరిసిల్లలో ఈ సంగతికి మరో రూపం ఉంది. చోకు ట్యూబు కింద తిరిగే చక్రం ఒక వేగం దగ్గర ఆగినట్టో, వెనక్కి తిరుగుతున్నట్టో భ్రమ కలిగిస్తుంది. సాంచెలు ఆడే కార్ఖానా వంటి చోట అది ప్రమాదం. పక్కపక్క ట్యూబులను వేర్వేరు ఫేజులకు కలపడం ఇంజనీర్లు దానికి చెప్పిన పాత ఉపాయం.

ఎల్ఈడీలో కొట్టుకోవడం ఉండాల్సిన అవసరమే లేదు. మంచి డ్రైవరు (బల్బు లోపలి సర్క్యూట్) ఉంటే వెలుగు రాయిలా నిలుస్తుంది. ఖర్చు తగ్గించడానికి డ్రైవరును కుదించిన బల్బుల్లో మాత్రం అదే 100 సార్ల కొట్టుకోవడం తిరిగి వచ్చింది, కొన్నింట్లో పాత ట్యూబుకన్నా ఎక్కువగా. దుకాణంలోనే తెలుసుకోవచ్చు. వెలిగించిన బల్బును ఫోన్ కెమెరాలో స్లో మోషన్‌లో చూస్తే మంచిది నిలకడగా, చెడ్డది దడదడలాడుతూ కనిపిస్తుంది. ఫోన్ లేకపోతే పెన్నును లైటు ముందు గబగబా ఊపాలి; ఒకే చెదిరిన నీడలా కనిపిస్తే మంచి బల్బు, విడివిడిగా పది పెన్నులు కనిపిస్తే చెడ్డది. యూరప్‌లో 2021 నుంచి లైట్ల కొట్టుకోవడానికి చట్టబద్ధమైన హద్దు ఉంది. ఇక్కడ కొనేవాడి పెన్నే ఆ పరీక్ష చేయాలి.

మరో రకం కొట్టుకోవడం బల్బులో లేదు, ఫ్యానులో ఉంది. దీన్ని గుర్తించేవారు తక్కువ. లైటు ఫ్యాను రెక్కలకన్నా పైన ఉంటే ప్రతి రెక్కా దాని ముందు నుంచి పోతూ నీడ వేస్తుంది. నిమిషానికి 350 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాను సెకనుకు 17 నీడలు వేస్తుంది; రెగ్యులేటర్ తగ్గించి 200 చుట్లకు తెస్తే పది. సెకనుకు 100 సార్లది కంటికి అందదు గాని ఇది బాగా అందుతుంది. తెల్లని పేజీ మీద, గోడ మీద ఆ నీడ ఆడుతూ ఉంటే అరగంటలో తల దిమ్మెక్కుతుంది. సీలింగులో గుండ్రటి లైట్లు పెట్టించేవారు ఫ్యాను చుట్టుకు అవతలగా వాటిని జరిపించుకోవాలి. గోడ ట్యూబును రెక్కల ఎత్తుకన్నా కిందికి దించుకోవాలి.

తెలుపా, పసుపా అన్న వాదన ఇళ్లలో ఎక్కువ జరుగుతుంది. పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉంటే పాత బల్బు పసుపు, 4000 అంటే నడిమి తెలుపు, 6500 అంటే నీలి ఛాయ తెలుపు. మన దుకాణాల్లో అడగకుండా చేతికి ఇచ్చేది 6500. అది కళ్లకు చెరుపు అన్న భయానికి ఆధారం లేదు. ఆరోగ్యవంతులకు మామూలు వాడకంలో ఎల్ఈడీ దీపాలు హాని చేస్తాయనడానికి రుజువు లేదని యూరప్ శాస్త్రీయ సంఘం 2018లో తేల్చింది. నీలి కాంతిని ఆపే అద్దాలు కంటి అలసట తగ్గిస్తాయన్న ప్రచారమూ నిలవలేదు. వైద్య పరిశోధనలను మదింపు చేసే కాక్రేన్ సంస్థ 17 పరీక్షలను కలిపి చూసిన 2023 సమీక్షకు, స్వల్పకాలంలో మామూలు అద్దాలకూ వాటికీ తేడా కనిపించలేదు. ఆ అద్దాలకు పెట్టే డబ్బుతో మంచి ల్యాంపు వస్తుంది.

రంగు నిజంగా తేడా తెచ్చేది నిద్ర దగ్గర. కంటిలో చూపుతో సంబంధం లేకుండా రాత్రీ పగలూ తేడాను మెదడుకు చెప్పే కణాలు ఉన్నాయని 2002లో తేలింది. అవి నీలి ఛాయకు ఎక్కువగా స్పందిస్తాయి. ఈ కణాల లెక్కలో కొలిచే వెలుతురు పగలు కంటి దగ్గర కనీసం 250 లక్స్, నిద్రకు మూడు గంటల ముందు నుంచి 10 లక్స్‌కు మించకుండా ఉండాలని 2022లో ఆ రంగపు శాస్త్రవేత్తలు ఉమ్మడిగా సూచించారు. 2700 బల్బు 6500 బల్బుతో పోలిస్తే ఆ కణాలను సగానికి అటూఇటూగా మాత్రమే కదిలిస్తుంది. అందుకే పగటి పనికి 4000 నుంచి 6500, చీకటి పడ్డాక 2700 నుంచి 3000 సరైన ఎంపిక. అమెరికా వేళలకు రాత్రి పని చేసేవారికి ఇది తలకిందులవుతుంది. పని గంటల్లో తెల్లని వెలుగు, ఆఖరి గంటన్నరలో పసుపు, పొద్దున పడుకునే గదికి మందపు పరదా కావాలి. ఒకే పట్టీలో మూడు రంగులు మార్చుకునే లైట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి; ఇలాంటి ఇంటికి అవే నప్పుతాయి. చీరల రంగులు, గుడ్డల డిజైన్లు చూసేవారు మాత్రం కెల్విన్‌తో పాటు, రంగులను ఎంత ఉన్నవున్నట్టు చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె కూడా చూడాలి. 80 మామూలు పనికి చాలు, రంగు పోల్చే పనికి 90 ఉండాలి.

కొనేటప్పుడు పెట్టె మీద వాట్లకన్నా ముందు ల్యూమెన్లు చదవాలి. ఆ తర్వాత కెల్విన్, సీఆర్ఐ, బీఐఎస్ గుర్తు. టేబుల్ ల్యాంపులో చూడాల్సింది మెడ వంగుతుందా, కూర్చున్నప్పుడు లోపలి బల్బు కంటికి కనిపించకుండా మూత ఉందా అన్నదే. కుడిచేతి వాటం ఉన్నవారికి ల్యాంపు ఎడమవైపు ఉంటే రాసేటప్పుడు చేతి నీడ అడ్డం రాదు. మానిటర్ మీద అమర్చే లైట్ బార్ తెర మీద పడకుండా కీబోర్డు మీదికే వెలుగు వదులుతుంది. ఇరుకు బల్లకు బాగా ఉపయోగపడుతుంది, ల్యాప్‌టాప్ పలుచని అంచు మీద మాత్రం కుదురుగా నిలవదు. వీడియో మాటల కోసం ఎదురుగా పెట్టే రింగ్ లైటును మాట అయిపోగానే ఆపేయాలి. అంత మిరుమిట్లు గొలిపేది బల్ల మీద మరొకటి ఉండదు.

వయసును బట్టి వెలుతురు పెరగాలి. ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే అరవై ఏళ్ల కంటి లోపలి పొరకు చేరే వెలుగు సుమారు మూడో వంతే, మిరుమిట్ల బాధ మాత్రం ఎక్కువ. పెద్దవారికి కాగితం మీద వెలుగు పెంచాలి, అదే సమయంలో లైటును కంటికి ఇంకా బాగా దాచాలి. ఒకే ట్యూబు కింద మనవడు చదువుతూ, తాత ల్యాప్‌టాప్‌లో దుబాయిలోని కొడుకుతో మాట్లాడే గదిలో ఇద్దరికీ సరిపోయే ఒక్క లైటు ఉండదు. ఒక ల్యాంపు అదనంగా పెట్టుకోవడమే దారి.

కరెంటు పోయినప్పటి సంగతి మిగిలింది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొన్ని చౌక ఎల్ఈడీలు సన్నగా మోగుతాయి, వెలుగు మారుతుంది. పని చేసే గదిలో బల్బును ఇన్వర్టర్ మీద కూడా ఒకసారి వెలిగించి, పెన్ను పరీక్ష చేసి ఉంచుకోవాలి. ఇన్వర్టర్ లేని ఇంట్లో ఛార్జింగ్ బల్బు ఉంటుంది. కరెంటు పోగానే అది తలమీద వెలుగుతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, గది మిగతా భాగం చీకటవుతుంది. ఆ బల్బును బల్లకు పైనున్న హోల్డర్లో కాకుండా తెర వెనక గోడ వైపు హోల్డర్లో పెట్టి ఉంచితే, కరెంటు లేని ఆ గంటలోనూ తెర వెనక గోడ వెలుగుతూనే ఉంటుంది; పక్క మంచం మీద నిద్రపోతున్న పిల్లల ముఖం మీద లైటు పడదు.